మందగమనం ముందు ఎవరి గడప తొక్కుతుంది?
ఆర్థిక సూచికలను మన వైపు నుంచి చదవడం

పత్రికల వ్యాపార పేజీల్లో కొన్నేళ్ళకోసారి ఒక మాట ఊపందుకుంటుంది: మందగమనం. 2019లో వినపడింది. 2024 నవంబరు చివర మళ్ళీ వినపడింది. ఆ ఏడాది జూలై-సెప్టెంబరు మూడు నెలల్లో జీడీపీ వృద్ధి 5.4 శాతానికి పడిందని కేంద్ర గణాంక శాఖ ప్రకటించగానే టీవీల్లో కూర్చున్న నిపుణులు కంగారుపడ్డారు. సరిగ్గా ఏడాది తర్వాత, 2025లో అవే మూడు నెలలకు 8.2 శాతం అన్నారు. కంగారు పోయి సంబరం వచ్చింది. ఈ ఏడాదిలో మాలపల్లెలో, మాదిగవాడలో ఏం మారిందని అడిగితే మాత్రం ఆ నిపుణుల దగ్గర జవాబు ఉండదు. వాళ్ళు చేతిలో పట్టుకున్న కొలబద్దకి మన వాడ అందదు.

అట్లాగని ఈ లెక్కలన్నీ పైకులాల బూటకం, మనకెందుకు అని పక్కన పడేయడం కూడా సరికాదని మా అభిప్రాయం. మా ఇళ్ళల్లో యూనివర్సిటీ గడప తొక్కింది మేమే మొదలు. ఎకనమిక్స్ అనేది పెద్దోళ్ళ విద్య అని క్లాసులోనే అనిపించేట్టు చేసేవాళ్ళు. కానీ అంబేడ్కర్ కొలంబియాలోనూ, లండన్లోనూ చదివింది ఈ విద్యే కదా. 1918లో చిన్న కమతాల మీద రాసిన వ్యాసంలో ఆయన తేల్చిన విషయం ఇది: మన సేద్యం రోగం కమతం చిన్నది కావడంలో మాత్రమే లేదు. భూమి మోయలేనంత మంది దాని మీద పడి బతకాల్సి రావడంలో ఉంది. పని ఉన్నట్టు కనపడుతూ నిజానికి పని లేని ఆ మనుషులకు పరిశ్రమల్లో చోటు దొరకాలి అన్నాడు. 1923లో అచ్చయిన రూపాయి సమస్య గ్రంథంలో, రూపాయి విలువ పడి ధరలు పెరిగితే లాభం వ్యాపారికి, నష్టం కూలి మీద బతికేవాడికి అని చూపించాడు. ఒకే అంకె ఒకడికి లాభంగా, ఇంకొకడికి నష్టంగా ఎట్లా మారుతుందో వెతకడం ఆయన పద్ధతి. ఆ పద్ధతితోనే ఇవాళ్టి సూచికలను చూద్దాం.

ముందు మాటల సంగతి. మందగమనం అంటే ఆర్థిక వ్యవస్థ పెరుగుతూనే ఉంటుంది, కానీ పెరిగే వేగం తగ్గుతుంది. మాంద్యం అంటే పెరుగుదల ఆగి ఉత్పత్తే తగ్గిపోవడం. మన దేశంలో 2018-19లో 6.5 శాతం ఉన్న వృద్ధి 2019-20లో 4 శాతం దాపుకి వచ్చింది. అది మందగమనం. 2020 ఏప్రిల్-జూన్‌లో, లాక్‌డౌన్ కాలంలో, ఉత్పత్తి అంతకు ముందరి ఏడాది అవే నెలలతో పోలిస్తే దాదాపు నాలుగో వంతు పడిపోయింది. దాన్ని మందగమనం అనడం మర్యాద మాటే. (మేము ఇక్కడ ఇస్తున్న జీడీపీ రేట్లన్నీ 2011-12 ఆధార సంవత్సరంగా వేసిన లెక్కలు.)

రేటును చూసి మోసపోవడం చాలా తేలిక. 2020 ఏప్రిల్-జూన్‌లో 100 రూపాయల ఉత్పత్తి 76కి పడిందనుకోండి. 2021లో అదే కాలానికి 20 శాతం వృద్ధి అని ప్రకటించారు, పండగ చేశారు. 76 మీద 20 శాతం అంటే 15. అంటే 91. రెండేళ్ళ కింద ఉన్నచోటికి ఇంకా 9 రూపాయలు తక్కువే. గుంతలో పడ్డవాడు మెట్టు ఎక్కితే కొండెక్కాడని రాసినట్టు. అందుకని ఏ శాతం చూసినా దేని మీద శాతం అని మొదట అడగాలి. ఇంకొకటి, ధరల తీసివేత. 2025 జూలై-సెప్టెంబరులో రూపాయల లెక్కన వృద్ధి 8.7 శాతమే. ధరల పెరుగుదల కింద అర శాతం మాత్రమే తీసేశారు కాబట్టి నికర వృద్ధి 8.2 అయింది. ధరలు అంత తక్కువగా పెరగడంలో సగం కథ పంట ధరలు పడిపోవడమే. తిండి కొనుక్కునే కూలోడికి అది కొంత ఊరట, ఆ పంట పండించిన కౌలుదారుకి దెబ్బ. మన వాడల్లో ఆ కూలోడూ ఆ కౌలుదారూ చాలాసార్లు ఒకే మనిషి.

అసలు చిక్కు ఇంకా లోపల ఉంది. జీడీపీ లెక్క కట్టేవాళ్ళకి కంపెనీల ఖాతాలు దొరుకుతాయి. చెప్పులు కుట్టే బడ్డీకి, ఇస్త్రీ బండికి, డప్పు చేసేవాడికి, తాపీ మేస్త్రీకి ఖాతాలుండవు. వాళ్ళ ఉత్పత్తిని సర్వే జరిగిన ఏడాది కొలుస్తారు. తర్వాతి సంవత్సరాలకు చాలా మటుకు సంఘటిత రంగం ఎట్లా కదిలిందో దాన్ని బట్టి అసంఘటిత రంగానికి అంచనా వేస్తారు. 2011-12 శ్రేణి నడిచింది ఈ పద్ధతిలోనే. రెండూ కలిసి నడిచినన్నాళ్ళు ఇబ్బంది లేదు. కానీ పెద్ద కంపెనీ పెరగడానికి చిన్న బడ్డీ మూతపడటమే కారణమైన రోజున ఏమవుతుంది? మూతపడ్డ బడ్డీ కూడా పెరిగినట్టే రాసుకుంటారు. 2016 నవంబరు 8 రాత్రి పెద్ద నోట్లు రద్దయ్యాయి. కూలి డబ్బులు ఇచ్చే దిక్కులేక అడ్డాలు ఖాళీ అయ్యాయి, సంతలు పడిపోయాయి. ఆ 2016-17 సంవత్సరానికి మన జీడీపీ వృద్ధి ఎంతో తెలుసా? సవరించిన లెక్కల్లో 8 శాతం పైన! ఆ దశాబ్దంలో మంచి సంవత్సరాల్లో అదొకటి.

తర్వాత ప్రభుత్వ సర్వేలే ఆ గుట్టు కొంత బయటపెట్టాయి. వ్యవసాయం కాని చిన్న సొంత వ్యాపారాల్లో, కుటీర పనుల్లో 2015-16లో 11.13 కోట్ల మంది పనిచేసేవాళ్ళు. నోట్ల రద్దు, 2017 జూలైలో జీఎస్టీ, 2020 లాక్‌డౌన్ దాటి వచ్చాక 2021-22లో వాళ్ళు 9.79 కోట్లు. 2022-23లో 10.96 కోట్లు. 2023-24లో 12 కోట్లు దాటారు. పనీడు జనం పెరుగుతున్న దేశంలో ఏడేళ్ళ పాటు ఈ రంగం ఉన్నచోటికి కూడా రాలేదన్నమాట. ఈ మధ్య ఏడాదేడాదీ ఈ సర్వే చేస్తున్నారు, అది మంచిదే. జీడీపీ ప్రకటన వచ్చిన రోజు పత్రికలో మొదటి పేజీ చదివేవాళ్ళు ఈ సర్వే వచ్చిన రోజు లోపలి పేజీ కూడా చదవాలని మా మనవి.

ఇక నిరుద్యోగం. ఇక్కడ కొంచెం ఎక్కువ సేపు ఆగాలి, ఎందుకంటే మందగమనం గురించి అన్నిటికన్నా ఎక్కువ అబద్ధం చెప్పే అంకె ఇదే. ప్రభుత్వ శ్రామిక శక్తి సర్వే ప్రకారం 2017-18లో నిరుద్యోగం 6.1 శాతం. ఆ నివేదికను అప్పట్లో నెలల తరబడి తొక్కిపట్టి 2019 మే చివర, ఎన్నికలు అయ్యాక విడుదల చేశారు. 2023-24కి అది 3.2 శాతానికి దిగింది. మధ్యలో లాక్‌డౌన్ వచ్చింది, వలస కూలీలు వందల మైళ్ళు నడిచారు, అయినా నిరుద్యోగం సగానికి తగ్గింది! ఎట్లా?

నిరుద్యోగి అనిపించుకోవాలంటే పని లేకుండా ఉండాలి, పని కోసం చూస్తూ ఉండాలి. రెంటికీ ఇంట్లో తిండి ఉండాలి. వారం లెక్కలో, సర్వేకి ముందు ఏడు రోజుల్లో ఎప్పుడైనా ఒక్క గంట పని చేసినా పని ఉన్నవాడి కిందే జమ. ఏడాది లెక్కలో 30 రోజులు ఏదో ఒక పని చేసినా పని ఉన్నట్టే. జీతం లేకుండా ఇంటి చేలోనో, ఇంటి కొట్టులోనో సాయం చేసినా పని ఉన్నట్టే. ఈ కొలతతో మాదిగవాడలో నిరుద్యోగి దొరకడం కష్టం. పొద్దున లేచి దొరికిన పని చేయకపోతే పొయ్యి వెలగని ఇంట్లో నిరుద్యోగం అనేది ఒక భోగం. అందుకే ఈ సర్వేల్లో చదువు రానివాళ్ళలో నిరుద్యోగం దాదాపు సున్నా ఉంటుంది, డిగ్రీ చదివినవాళ్ళలో పది శాతం దాటి ఉంటుంది. చదువుకుంటే పని పోతుందని కాదు దాని అర్థం. ఆ చదువుకు తగ్గ పని లేదని, ఇంటివాళ్ళు కడుపు కట్టుకుని కొన్నాళ్ళు ఎదురుచూడనిస్తున్నారని. ఆ ఎదురుచూపు అయిపోయిన రోజున ఆ పిల్లాడు కూడా ఏదో డెలివరీ బండి ఎక్కుతాడు, నిరుద్యోగం రేటు ఇంకొంచెం తగ్గుతుంది.

కాబట్టి రేటును వదిలిపెట్టి, పని ఉన్నవాళ్ళు ఏ పనిలో ఉన్నారో చూడండి. అదే సర్వేలో, స్వయం ఉపాధి వాటా 2017-18లో 52 శాతం, 2023-24లో 58 శాతం. జీతం రాళ్ళు నెలనెలా వచ్చే కొలువుల వాటా పెరగలేదు, కాస్త తగ్గింది. జీతంలేని ఇంటి సాయం 2023-24లో 19 శాతం పైన. అన్నిటికన్నా ముఖ్యం వ్యవసాయం వాటా. 2018-19లో పనిచేసేవాళ్ళలో 42.5 శాతం వ్యవసాయంలో ఉండేవాళ్ళు. దశాబ్దాలుగా తగ్గుతూ వస్తున్న అంకె అది. 2020-21లో 46.5కి ఎగబాకింది, 2023-24లో కూడా 46 దగ్గరే ఉంది. ముందుకు పోయే దేశంలో జనం పొలం నుంచి పట్నానికి పోతారు. ఇక్కడ పట్నం నుంచి పొలానికి తిరిగొచ్చారు, వచ్చి ఆగిపోయారు. 1918లో అంబేడ్కర్ చెప్పిన జబ్బు ఇదే.

అయితే ఎవరి పొలానికి తిరిగొచ్చారు? భూమి ఉన్న కులాల కుర్రాడు హైదరాబాదులో కొలువు పోగొట్టుకుని వస్తే సొంత చేలోకి వస్తాడు, వాళ్ళ నాన్న తిట్టినా అన్నం పెడతాడు. మనోడు వస్తే పక్కవాళ్ళ చేలోకే వస్తాడు. 2011 జనగణన ప్రకారం దేశంలో పనిచేసేవాళ్ళలో వ్యవసాయ కూలీలు 30 శాతం, షెడ్యూల్డ్ కులాల్లో అయితే దాదాపు 46 శాతం. జనాభాలో దళితులు 16.6 శాతం ఉంటే సాగు భూమిలో వాళ్ళ వాటా పది శాతం కూడా లేదు. కాబట్టి వ్యవసాయం వాటా పెరిగింది అనే అంకెను మనం ఇట్లా తర్జుమా చేసుకోవాలి: ఊళ్ళో పెత్తందారు గుమ్మం ముందు నిలబడేవాళ్ళ సంఖ్య పెరిగింది. ఒక తరం ఊరు విడిచి పోయి సంపాదించుకున్నది డబ్బులు మాత్రమే కాదు. నీ చేలోకి రాను పో అనగలిగే ధైర్యం కూడా. మందగమనం ముందుగా తినేది ఆ ధైర్యాన్నే. దాన్ని కొలిచే సూచిక ఢిల్లీలో లేదు.

కూలి రేట్లు కొంతవరకు దాన్ని పట్టిస్తాయి. లేబర్ బ్యూరో ప్రతినెలా పల్లె కూలిరేట్లు సేకరిస్తుంది. ఆ లెక్కల్లోంచి ధరల పెరుగుదల తీసేసి జీన్ డ్రెజ్ చూపించిందేమంటే, 2014-15 నుంచి 2021-22 దాకా వ్యవసాయ కూలి నికరంగా ఏడాదికి ఒక శాతం కూడా పెరగలేదు. జీడీపీ ఆరేడు శాతం పెరుగుతోందని చెప్పుకున్న ఏళ్ళు కూడా అందులోనే ఉన్నాయి. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. మనుషులు తక్కువైతే కూలి పెరగాలి, ఎక్కువైతే తగ్గాలి అని పాఠ్యపుస్తకం. 2020 జూన్‌లో పంజాబుకు బీహారు నుంచి నాట్ల కూలీలు రాలేదు. పుస్తకం ప్రకారం అక్కడి దళిత కూలీల రేటు అమాంతం పెరగాలి. ఏం జరిగింది? చాలా ఊళ్ళ పంచాయతీలు ఎకరం నాటుకి ఇంత మించి ఇవ్వకూడదని తీర్మానాలు చేశాయి, కాదంటే బహిష్కరిస్తామని బెదిరించాయి. గిరాకీ కిందికి పోతే మార్కెట్ సూత్రం, పైకి పోతే కులం సూత్రం. కూలిరేటు పట్టిక చదివేటప్పుడు ఇది మర్చిపోకూడదు.

ఇరవై ఏళ్ళ పాటు కూలీల చేతిలో ఒక సొంత థర్మామీటరు ఉండేది. అది ఉపాధి హామీ. 2005లో చట్టమై, 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. ఎండలో తట్ట మోసే పనిని ఎవరూ సరదాకి అడగరు. అంతకన్నా మంచి పని లేనప్పుడే అడుగుతారు. అందుకే ఎంతమంది పని అడిగారు అన్న లెక్క పల్లె కష్టానికి నిక్కమైన కొలత అయింది. 2019-20లో దేశమంతా 265 కోట్ల పనిదినాలు జరిగితే, 2020-21లో సుమారు 389 కోట్లు జరిగాయి, ఏడున్నర కోట్ల కుటుంబాలు పనికి వచ్చాయి. జీడీపీ లెక్క వచ్చేదాకా ఆగక్కర్లేకుండా నెలనెలా ఈ అంకె కేకేసి చెప్పింది. దానిలోనూ లొసుగులున్నాయి. పని అడిగినా రసీదు ఇవ్వకపోతే అడిగినట్టు రాతలో ఉండదు. 2021లో కూలి చెల్లింపుల్ని ఎస్సీ, ఎస్టీ, ఇతరులు అని మూడు ముక్కలు చేసి పంపితే ఒకే గుంత తవ్విన ముగ్గురికి మూడు వేర్వేరు రోజుల్లో డబ్బులు పడ్డాయి. గొడవలై ఆ పద్ధతి వెనక్కి పోయింది.

2025 డిసెంబరులో పార్లమెంటు ఈ చట్టం స్థానంలో ఇంకో చట్టం చేసింది. వంద రోజులు 125 అయ్యాయి, అదొక్కటే టీవీలో చెప్పారు. చెప్పనివి రెండున్నాయి. పాత చట్టంలో కూలీలు ఎంతమంది అడిగితే డబ్బు అంత రావాలి. కొత్తదాంట్లో రాష్ట్రానికి ఇంత అని కేంద్రం ముందే గీత గీస్తుంది, దాటితే రాష్ట్రం భరించాలి. గీత గీసిన చోట పాదరసం ఎక్కదు. ఇకమీదట పనిదినాలు పెరగకపోతే దానికి కారణం కష్టం తగ్గడమా, డబ్బు అయిపోవడమా అన్నది ఆ అంకె చెప్పలేదు. రెండోది, విత్తనాలు, కోతల కాలంలో 60 రోజుల దాకా పని ఆపవచ్చు. సరిగ్గా ఆ రోజుల్లోనే కదా కూలి పెంచమని అడిగే బలం కూలికి ఉండేది!

సరుకుల అమ్మకాలు కూడా చాలా చెబుతాయి. కార్లూ మోటారు సైకిళ్ళూ పక్కపక్కన పెట్టి చూడండి. 2018-19లో దేశంలో 33.8 లక్షల కార్లు అమ్ముడయ్యాయి, 2024-25లో 43 లక్షలు. టూవీలర్లు 2018-19లో 2.12 కోట్లు, 2021-22 నాటికి 1.35 కోట్లకు పడిపోయి, 2024-25లో 1.96 కోట్లు. అంటే కారు కొనేవాడు ఎప్పుడో కోలుకుని ముందుకు పోయాడు, బండి కొనేవాడు ఆరేళ్ళయినా పాతచోటికి రాలేదు. ఒకే దేశం, ఒకే జీడీపీ. (ఈ అంకెలు కంపెనీ నుంచి డీలరుకి పంపిన బండ్లవి. డీలరు షెడ్డులో దుమ్ము పట్టే బండ్లు కూడా వీటిలో ఉంటాయి.) 2019 ఆగస్టులో పార్లే కంపెనీ అయిదు రూపాయల బిస్కట్లు అమ్ముడుపోక పదివేల మంది దాకా తీసేయాల్సి రావచ్చని ప్రకటించినప్పుడు చాలామంది నవ్వుకున్నారు. మన వాడల్లో పిల్లలకి పొద్దున టీలో ముంచి పెట్టేది ఆ బిస్కట్టే అని తెలిసినవాళ్ళు నవ్వలేదు.

అప్పుల లెక్కను తలకిందులుగా చదవాలి. అప్పు తీసుకోవడం పెరిగితే ఆర్థిక కార్యకలాపం పెరిగినట్టు, తిరిగి కట్టడం బాగుంటే అంతా బాగున్నట్టు బ్యాంకుల భాష. 2010లో మన ఉమ్మడి రాష్ట్రంలో మైక్రోఫైనాన్స్ వసూళ్ళు నూటికి 97, 98 ఉండేవి. ఏ పట్టిక చూసినా అంతా పచ్చగా ఉంది. ఆ పచ్చదనం కింద ఒక కంపెనీ కిస్తీ కట్టడానికి ఇంకో కంపెనీ దగ్గర అప్పు, దానికి వడ్డీ వ్యాపారి దగ్గర అప్పు. ఆడవాళ్ళ ఆత్మహత్యల వార్తలు వరసగా వచ్చాక అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది, వసూళ్ళు ఒక్కసారిగా కూలిపోయాయి. బంగారం సంగతీ అంతే. 2025 మార్చి నాటికి బ్యాంకుల్లో నగల తాకట్టు అప్పులు రెండు లక్షల కోట్లు దాటి, ఏడాదిలో రెట్టింపయ్యాయి. బంగారం ధర పెరగడం, కొన్ని వ్యవసాయ అప్పుల్ని ఈ ఖాతాలోకి మార్చడం కొంత కారణం. మిగతాది మనకు తెలిసిన కారణమే. మన ఇళ్ళల్లో అన్నిటికన్నా చివర తాకట్టుకి పోయేది పుస్తె. తాకట్టు అప్పు విడిపించుకునే అప్పా, పిల్లల ఫీజు అప్పా, ఆస్పత్రి అప్పా అని విడగొట్టి అడిగే సర్వే కావాలి.

చదువుకున్న మన పిల్లలకు మందగమనం నోటిఫికేషన్ల రూపంలో వస్తుంది, అంటే రాకపోవడం రూపంలో. కేంద్ర ప్రభుత్వరంగ సంస్థల్లో 2013 మార్చిలో 17.3 లక్షల మంది ఉండేవాళ్ళు, 2022 మార్చికి 14.6 లక్షలు. అందులో కాంట్రాక్టు వాళ్ళ వాటా 19 శాతం నుంచి 40 శాతం పైకి పోయింది. ఏజెన్సీ ద్వారా తీసుకునే కొలువులో చాలాచోట్ల రిజర్వేషన్ మాటే ఉండదు. ప్రభుత్వం దగ్గర డబ్బు బిగుసుకున్నప్పుడు మొదట ఆగేవి కూడా మనవే. 2025 నవంబరులో తెలంగాణ ప్రైవేటు కాలేజీలు ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం బందుకు దిగాయి. బడ్జెట్ పుస్తకంలో మూడు వరసలుంటాయి: అంచనా, సవరించిన అంచనా, నిజంగా ఖర్చయింది. ఎస్సీ ఉపప్రణాళిక పద్దు దగ్గర వేలు పెట్టి ఈ మూడూ చదవండి. మొదటి వరస ఉపన్యాసానికి, మూడోది మనకి.

కార్యకర్తలూ టీచర్లూ చేయగలిగిన పని ఒకటుంది, ఖర్చులేనిది. నెలకోసారి ఒక నోటుపుస్తకంలో మీ వాడ లెక్క రాయండి. అడ్డా మీద పొద్దున పదింటికి ఇంకా ఎంతమంది నిలబడి ఉన్నారు. కైకిలి ఎంత, అది చేతికి ఎన్ని రోజులకు వచ్చింది. పట్నం నుంచి ఎవరు తిరిగొచ్చారు, ఎవరు పోయారు. కొట్టులో అరువు ఎన్నాళ్ళు ఆగుతున్నాడు. బడి మాని పనికి పోయిన పిల్లలెందరు. ఆడవాళ్ళవీ మగవాళ్ళవీ విడివిడిగా రాయాలి, ఎందుకంటే పని తగ్గినప్పుడు మేస్త్రీ మొదట వద్దనేది ఆడమనిషినే. ఒక నెలను పక్క నెలతో పోల్చొద్దు. నాట్లున్న ఆగస్టు, ఎండలు కాచే మే ఒకటి కావు. ఈ ఆగస్టును పోయిన ఆగస్టుతోనే పోల్చండి. ఏ ఏడాది వాన ఎప్పుడు పడిందో పక్కన రాసుకోండి. లేకపోతే కరువు వల్ల పోయిన పనిని మందగమనం ఖాతాలో రాస్తాం, మందగమనం వల్ల పోయినదాన్ని వరుణదేవుడి ఖాతాలో వాళ్ళు రాస్తారు.